నలభై రెండు కిలోమీటర్ల కోడలు

కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో ఆమె పని తోలు బెల్టులు కుట్టడం. కాలిని తొడకు పట్టి ఉంచేది ఆ బెల్టే. కుట్టు కాస్త వంకర పోయినా నడిచేవాళ్ళకు చర్మం ఒరుసుకుపోతుంది. పదిహేడేళ్ళలో ఆమె కుట్టింది ఒక్కటీ వెనక్కి రాలేదు. అందరూ ఆమెను బెల్టక్క అని పిలిచేవారు.

ఆ ఏడాది విరాళాలు అడుగంటాయి. కాలు కోసం ముప్ఫై ఎనిమిది మంది పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు. నగరంలో మారథాన్ జరగబోతోందని, మనవాళ్ళొకరు పరిగెడితే ఆ పేరు మీద చందాలు పోగుచెయ్యొచ్చని మేనేజరు చెప్పాడు.

"ఎవరైనా కుర్రాళ్ళుంటే చూడండి" అన్నాడు.

"నేను పరిగెడతా" అంది బెల్టక్క. వయసు నలభై తొమ్మిది. గది మొత్తం ఘొల్లున నవ్వింది.

ఇంట్లో అత్తగారైతే పొట్ట పట్టుకుని నవ్వింది. "బస్సు వెళ్ళిపోతున్నా నడిచే వెళ్తావు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెడతావా తల్లీ!"

"అందుకే కదత్తయ్యా, ఇప్పట్నుంచే మొదలెడుతున్నా."

మొదటి రోజు వీధి మలుపు చేరేసరికే నాలుక పిడచకట్టింది. నెల తిరిగేసరికి పార్కు చుట్టూ అయిదు సార్లు. ఆరు నెలలకు ఏకబిగిన పాతిక కిలోమీటర్లు! నవ్వినవాళ్ళే చందాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. అత్తగారు మందుల షాపతన్ని నిలదీసి మరీ సంతకం పెట్టించింది. బట్టల మిల్లు యజమాని ఓ మెలిక పెట్టాడు: ఆమె చివరిదాకా పరిగెత్తితే, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తాడట.

పోటీ రోజు ముప్ఫై అయిదో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. బెల్టక్క రోడ్డు పక్కన కూలబడింది. పరుగు మొదలై ఆరు గంటలు దాటితే ముగింపు గేటు మూసేస్తారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్క దారిలో స్కూటరు మీద వెంట వస్తున్న భర్త బ్రేకు వేసేలోపే, వెనక కూర్చున్న అత్తగారు దిగిపోయింది.

"ఏడుపు తర్వాత. ముందు కాలు చాపు!" అంటూ పిక్కను పిండి పిసికినట్టు పిసికేసింది. "ఊఁ, లే! మా ఇంటి పరువు మందుల షాపు దాకా వెళ్ళింది!"

బెల్టక్క నవ్వుతూనే లేచింది. కుంటుతూ, నడుస్తూ, మళ్ళీ పరుగందుకుంది. చివరి మలుపు తిరగ్గానే వర్క్‌షాపు జనమంతా కనిపించారు. "అక్కా, ఇంకొంచెం! ఇంకొంచెం!" అని గొంతులు చించుకుంటున్నారు. కాళ్ళు తనవో కావో తెలియలేదు. గేటు దాటి గడియారం వైపు చూసింది. అయిదు గంటల యాభై ఏడు నిమిషాలు! అక్కడే నేల మీద వెల్లకిలా పడి, ఆకాశంకేసి పకపకా నవ్వింది.

మిల్లు యజమాని మాట తప్పలేదు. ముప్ఫై ఎనిమిది మందికీ కాళ్ళు వచ్చాయి, ఇంకో ఆరుగురికి కూడా సరిపోయింది.

జాబితాలో మొదటి పేరు కూరగాయలమ్మే ఆవిడది. కొత్త కాలు తొడుక్కుని, వర్క్‌షాపులో నడక నేర్పే కమ్మీలు రెండు చేతులా పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. ఊపిరి బిగబట్టి చేతులు తీసేసింది.

"అక్కా, వదిలేశా! చూడు, వదిలేశా!"

బెల్టక్క కుట్టు మిషను ముందు నుంచి ఒక్క ఉదుటున లేచి పరిగెత్తింది.