మోరి బండ ఎవరు లేపాలి

సుల్తానాబాద్‌లో మా నేతవాళ్ల సందుకంతా మురికినీళ్లు పోవడానికి ఒకటే మోరి. కులపెద్ద ఇంటి దగ్గర మొదలై, మా స్నానాల గోడ పక్క నుంచి సాగి, పక్కింటి అరుగు ముందు బండ కింద దూరి, రోడ్డు మీది పెద్ద మోరిలో కలిసేది. కలిసేది అని మర్యాదకు రాస్తున్నాను. మూడిళ్లలోనూ మగ్గాలు ఉండేవి. నూలుకు పట్టించగా మిగిలిన గంజి నీళ్లన్నీ అందులోకే పోయేవి. గంజి నూలును ఎంత గట్టిగా పట్టుకుంటుందో మోరిని కూడా అంతే గట్టిగా పట్టుకునేది.

అడ్డం ఎక్కడ పడిందో అందరికీ తెలుసు. పక్కింటి అరుగు ముందున్న ఆ బండ లేపి, కింద పేరుకున్న గంజి ముద్దను తీసేస్తే సరిపోయేది. అరపూట పని. అయినా ఎవరూ లేపరు. మా సందులో ఒక రివాజు ఉండేది. ఏ పనైనా ఒకరు ఒక్కసారి చేశారంటే ఇక అది వాళ్లకే అంటుకుంటుంది. ఏదో ఒక వానాకాలం మా తాత బుద్ధి పుట్టి సందు మొగదలకు ముళ్లకంప కొట్టాడట. ఆయన కాలం చేసినా కంప కొట్టే పని మా ఇంటిని వదల్లేదు. ఆ భయంతో మా బాపు మోరి బండ వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు.

అట్లాంటి రోజుల్లో మా అక్క తొలుసూరు కాన్పుకు మంచిర్యాల నుంచి ఇంటికి వచ్చింది. మా అవ్వకు, అంటే మా అమ్మకు, అప్పటి నుంచి నిద్ర లేదు. బాలింతకు కాగుల కొద్దీ వేడినీళ్లు పోయాలి. మోరి నిండి ఉంటే పోసిన నీళ్లన్నీ తూములోంచి వెనక్కి వచ్చి, అక్క కాళ్ల కిందే నిలుస్తాయి.

"పసిబిడ్డ తల్లిని మురికి నీళ్లల్ల కూసోవెట్టి తానం పోయాల్నా? పోయి మాట్లాడు" అని బాపును తరిమింది.

బాపు పోయి మాట్లాడాడు. పక్కింటాయన అరుగు మీద తాపీగా కూర్చుని, "నీళ్లు మీయి. మీ నీళ్లను మీరే తీసుకపోవాలె" అన్నాడు.

"బండ నీ అరుగు ముంగట ఉన్నది. నీ బండ నువ్వే లేపాలె" అన్నాడు బాపు.

ఇద్దరూ కలిసి కులపెద్ద దగ్గరికి పోయారు. ఆయన మధ్యాహ్నమంతా పాన్ నములుతూ ఆలోచించి, "బండ లేపుడైతే లేపాలె" అని తీర్పు చెప్పాడు. ఎవరు లేపాలని అడిగితే, "గది మళ్ల మాట్లాడుదాం" అన్నాడు.

నిజాం రాజ్యం పోయి ఊళ్లోకి పంచాయతీ ఆఫీసు వచ్చిన కొత్త. ముగ్గురూ అక్కడికీ పోయారు. ముందు నడిస్తే పని తన మీద పడుతుందేమోనని ముగ్గురూ పక్కపక్కనే నడిచారు. సందు ఇరుకు కాబట్టి గోడలకు భుజాలు రాసుకుంటూ పోవడం నేను కళ్లారా చూశాను. ఆఫీసులో గుమాస్తా వీళ్లు చెప్పిందంతా విన్నాడు.

"నీళ్లు పెద్ద మోరిలకు వచ్చినంక మాయి. రానంతసేపు మీయి" అన్నాడు.

"వస్తలేవనే గద మా పరేషాన్!" అన్నాడు కులపెద్ద.

"అయితే వచ్చినంక రాండ్రి."

ఈ సంగతి బాపు ఇంటికి వచ్చి గొప్ప న్యాయంలాగా చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "బండ మనమే లేపితే ఏమైతది బాపూ?" అన్నాను. "నువ్వు ఊకో బిడ్డా, పని మన మెడకు పడ్తది" అన్నాడు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం నాడు మంత్రసాని వచ్చి పసుపు నలిపి, వేపాకులు వేసి కాచిన నీళ్లు అక్కకు పోయడం మొదలుపెట్టింది. పచ్చటి నీళ్లు మోరిలోకి దిగి, బండ దాకా పోయి ఆగిపోయి, పొంగి సందులో పరుచుకున్నాయి. పురిటి నీళ్లు తొక్కినవాళ్లు తలస్నానం చేస్తే తప్ప ఇంట్లోకి పోకూడదు. మొదట పక్కింటాయన తొక్కాడు. తిట్టుకుంటూ వాళ్ల దొడ్డిలో స్నానం చేశాడు. ఆ నీళ్లూ అదే మోరిలోకి వచ్చాయి. సందులో నీళ్లు ఇంకాస్త పెరిగాయి. ఆయనను ఓదార్చడానికి వచ్చిన కులపెద్ద తొక్కాడు. ఆయనా పోయి స్నానం చేశాడు. ఆ నీళ్లూ వచ్చాయి. పక్కింటాయన స్నానం చేసి బయటికి వచ్చేసరికి ఆయన గడప దాకా నీళ్లున్నాయి. మళ్లీ తొక్కాడు, మళ్లీ స్నానానికి పోయాడు. కులపెద్ద భార్య మొగుణ్ని వెతుక్కుంటూ వచ్చి తొక్కింది. కాసేపటికి సందులో పొడిగా ఉన్న మనిషి లేడు. ఎవరు ఎంత శుద్ధిగా ఉండాలని చూస్తే నీళ్లు అంత పెరిగాయి. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయని ఒక్కరూ ఆలోచించలేదు. మా బాపు మగ్గం గుంటలోకి కూడా నీళ్లు ఊరాయి. ఆయన మాత్రం కాళ్లు పైకి పెట్టుకుని తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాడు.

అప్పుడు లోపలి నుంచి అక్క కేక పెట్టింది. తూములోంచి నీళ్లు ఎదురు తిరిగి, ఆమె కూర్చున్న పీట చుట్టూ చేరాయి. మంత్రసాని బిడ్డను పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది.

మా అవ్వ కొంగు నడుముకు చుట్టి, మూలన ఉన్న గడ్డపార తీసుకుని, ఆ నీళ్లలోనే నడుచుకుంటూ బండ దగ్గరికి పోయింది. అరుగుల మీద నిలబడ్డ మొగవాళ్లంతా మెడలు చాచి చూస్తున్నారు.

"అందరు ఇనుండ్రి. గీ మోరి ఇయ్యాల్టి సంది నాది" అంది.

పక్కింటాయన ముఖం వెలిగిపోయింది. కులపెద్దకు ఆగే ఓపిక లేదు. "శభాష్ చెల్లె! నలుగురి ముంగట అన్నది, నలుగురు ఇన్నరు. మోరి గా ఇంటిదే" అని తీర్పు ఇచ్చేశాడు. నేను ఆయన తీర్పు అంత తొందరగా రావడం అదొక్కసారే చూశాను. బాపు గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు.

అవ్వ గడ్డపార దూర్చి బండను ఎత్తింది. నేను కింద రాయి తోశాను. ఇద్దరం కలిసి గంజి ముద్దను పొడిచి పొడిచి బయటికి లాగాం. నీళ్లు పెద్ద చప్పుడుతో రోడ్డు వైపు ఉరికాయి. మా అవ్వ మీద నాకు అంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున కులపెద్ద వాళ్ల ఇంటి తూములోంచి గంజి నీళ్లు పోస్తే అవి ఆయన కాళ్ల మీదికే తిరిగి వచ్చాయి. అవతలి వైపు నుంచి ఎవరో తూముకు గుడ్డలు కుక్కి, ఇటుక పెట్టారు. ఆయన బకెట్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"చెల్లె, తూముకు ఇటుక ఎవ్వలు పెట్టిండ్రు?"

"నేనే. మోరి నాదైనంక అండ్ల ఎవ్వలి నీళ్లు ఎప్పుడు పోవాల్నో నేనే చెప్త గద అన్నా."

ఆయన బాపు వైపు చూశాడు. బాపు మగ్గం వైపు చూశాడు.

"సరే తియ్. జర నా నీళ్లు పోనియ్యి."

"ఆగు. లోపల బాలింత తానమైతాంది. అయ్యేదాక నీ గంజిల ముద్దలు వడకట్టుకో."

ఊరందరికీ తీర్పులు చెప్పే మనిషి బకెట్ కింద పెట్టి మా అరుగు మీద కూర్చున్నాడు. లోపల చెంబు చెంబుగా నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా అక్క ఆ రోజు ఏమాత్రం తొందరపడలేదు.