మైదా అంటించిన తూటాలు

ఆ రోజుల్లో పుదుచ్చేరిలో తూటా అంటే ఎవరికైనా పోలీసు స్టేషను గుర్తొచ్చేది. నాకు మాత్రం పక్కింటి సిపాయి మామ వసారా గుర్తొచ్చేది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చిన ఆయనకు స్కీట్ ఆటంటే పిచ్చి. అటొక గదిలోంచి, ఇటొక గదిలోంచి మట్టి పళ్లాలు గాల్లోకి లేస్తాయి. ఎగురుతుండగానే వాటిని కొట్టి పగలగొట్టాలి. అందరివీ లావు తుపాకులైతే మామది చిన్న బోరు, దాని తూటా నా చూపుడువేలంత. అలాంటివి బజారులో దొరకవు కనుక కాల్చిన గుల్లలనే ఏరి తెచ్చుకుని, మళ్లీ మందు, సీసపు గుళ్లు నింపి, గుళ్లు జారిపోకుండా పైన పల్చటి అట్టబిళ్ల అంటించేవాళ్లం. ఈ విద్యలో దక్షిణ భారతదేశం మొత్తంలో నన్ను మించినవాడు లేడు. (మందు, దాన్ని పేల్చే క్యాపు, గుళ్లు అన్నీ మామే చూసుకునేవాడు. పైబిళ్ల ఒక్కటే నాది.)

అప్పుడే నేను మా ఊరి పక్క మేట్టుపాళయంలో ఒక కంపెనీలో ఉన్నత సాంకేతిక పదవిలో చేరాను. (డబ్బాలకు లేబుళ్లు అంటించేవాణ్ని.) నా కోరికల్లా ఒక్కసారి ఆ తుపాకి కాల్చాలని. ఎన్నాళ్లు బతిమాలినా మామ ఇవ్వలేదు. చివరికి, కిరుమాంబాక్కం దాటాక సరుగుడు తోపు పక్క ఇసుకలో పోటీ పెట్టినప్పుడు మెత్తబడ్డాడు.

"పోటీకొచ్చే ఆ కంట్రాక్టరు నా తుపాకిని అగ్గిపెట్టె అంటా ఉండాడు. ఈ ఆదివారం నా మానం నిలబెట్టు. చివర్లో ఒక పళ్లెం నీకిస్తా" అన్నాడు. "బిళ్లలంటించే లక్క అయిపోయింది, విల్లియనూరు పోయి తెస్తావా?"

"యాడికీ పోబల్లేదు మామా. అంటించేది నా ఉద్యోగమే గదా" అన్నాను.

కంపెనీలో మేము వాడేది మైదా జిగురు. ఎంత వానలోనైనా లేబులు ఊడేది కాదు. అత్తనడిగి మైదా తీసుకుని కాచి, బిళ్లలన్నీ పెళ్లికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా అంటించి, చెమ్మ తగలకుండా డబ్బాలో పేర్చి అటక మీద పెట్టాను. డబ్బాకు మూత సరిగా పట్టలేదు. పోనీలే అనుకున్నాను.

ఆదివారం తోపు దగ్గర వేలాది జనం. (పదిమందికి మించి ఉండరు, అందులో సగం టీ కోసం వచ్చినవాళ్లు.) మామ తూటా వేసి, అక్కడి పద్ధతి ప్రకారం గొట్టం నేలకు వంచి నిలబడ్డాడు. జలజలమని ఏదో చప్పుడైంది. సరుగుడు ఆకుల్లో గాలి అనుకున్నాను. పళ్లెం వదలమని "పుల్" అన్నాడు. పళ్లెం లేచింది, తుపాకి తుస్సుమంది. పళ్లెం నిమ్మళంగా వెళ్లి ఇసుకలో వాలింది. ఇంకోటీ అంతే. ఆ తర్వాతిదీ అంతే.

"ఏంది సిపాయన్నా, పళ్లేలకు దిష్టి తీస్తా ఉండావా?" అన్నాడు కంట్రాక్టరు.

మామ కాళ్ల దగ్గర చూసుకున్నాడు. ఇసుకలో ఆవాలు ఒలికినట్టు సీసపు గుళ్లు. డబ్బాలోంచి ఒక తూటా తీసి కళ్లద్దాల దగ్గర పెట్టుకున్నాడు. బిళ్ల అంచు చుట్టూ కొరికేసి ఉంది.

"దేంతో అంటించినావురా?"

"మైదా మామా. మా కంపెనీలో అదే."

"మైలుతుత్తం కలిపినావా?"

"అది దేనికి?"

"పురుగు ముట్టకుండా. మీ కంపెనీలో కలిపే ఉంటారు. బొద్దింకలకు విందు పెట్టి, దాన్ని తెచ్చి నా తుపాకిలో దోపినావే."

కంట్రాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మామ ఓడిపోయాడు. నా పళ్లెం కూడా పోయిందనుకుని తల వంచుకుని ఖాళీ గుల్లలు ఏరుతున్నాను.

"ఇట్రా" అన్నాడు మామ. "పట్టుకో."

"మానం పోయింది గదా మామా?"

"పోయింది. మిగిలింది నీ తూటాలే. నువ్వే కాల్చు. సుమ్మా, ఊరికే నిలబడొద్దు, భుజానికి ఆనించు."

ఆనించాను. గొట్టం వంచితే గుళ్లు జారతాయని తెలుసు, అయినా పద్ధతి పద్ధతే కనుక మామ వంచమన్నాడు. వంచాను. జలజలమంది. "పుల్" అన్నాను, గొంతు పగిలేలా. పేలుడుకు వెనక్కి ఎగిరి పడ్డాను. (లేదు. గుళ్లు లేని తూటాకు తోపుడే ఉండదు. నిలబడే ఉన్నాను.) పళ్లెం నా ముందు నుంచే ఎండలో మెరుస్తూ, తిరుగుతూ, ఎక్కడా గీత పడకుండా తోపు వైపు వెళ్లిపోయింది. దాన్ని చూస్తూ నేనెంత సంతోషించానో ఇప్పటికీ చెప్పలేను. మామ నా వీపు తట్టి, "గురి మంచిదే" అన్నాడు.

ఇప్పుడు మనవళ్లకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ పళ్లెం పగులుతుంది. మొదట్లో రెండు ముక్కలయ్యేది. ఈ మధ్య పొడైపోతోంది. నా వయసు ఇంకాస్త పెరిగితే, రెండో గదిలోంచి లేచిన పళ్లెం కూడా అదే దెబ్బకు పగిలేట్టుంది.