మొదటి మంచు దాకా

ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. కెనడాలో, ఎడ్మంటన్ సిటీ బస్సులో ఒక చేత్తో పాప స్ట్రోలర్ పట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి మా ఆయనతో వాదిస్తున్నాను. ఆయన ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ కారుకి ఇంకా వేసవి టైర్లే ఉన్నాయి. మంచు మీద జారని వింటర్ టైర్లు వేయిస్తే గానీ పాపని అందులో ఎక్కించనన్నాను.

"ఫస్ట్ స్నో పడనీ, అప్పుడు చూద్దాం. అయినా పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం కదే! ఏం కాదులే," అని ఆయన నవ్వారు.

సిగ్గేసి ఫోన్ పెట్టేశాను. ఎదురు సీట్లో నల్లకోటు వేసుకున్న పెద్దావిడ నన్నే చూస్తున్నారు.

"స్పోర్ట్స్ కారా అమ్మా?" అన్నారు తెలుగులో.

"అవునాంటీ. మా ఆయనకి కార్ల పిచ్చి."

"మా అబ్బాయికీ అంతే ఉండేది." ఆవిడ కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. "మేమూ తొక్కించామమ్మా, నిమ్మకాయలు."

తన స్టాప్ రాగానే ఆవిడ లేచి, వంగి, పాప టోపీని చెవులు కప్పేలా కిందికి లాగి, దిగిపోయారు.

టైర్ల షాపులో సోమవారం దాకా ఖాళీ లేదన్నారు. ఇది రాస్తుంటే కిటికీ అవతల మంచు మొదలైంది. పొద్దున్నే పాపని కార్లో డేకేర్‌కి తానే తీసుకెళ్తానని చెప్పి ఆయన నిద్రపోయారు.

కారు తాళాలు బియ్యం డబ్బా అడుగున దాచాను.