సత్తువ పోయిన ఏడాది

నేను కరెంటు లైన్‌మన్‌ని. చేవెళ్ల పక్క ఊళ్లో పుట్టాను. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమనే ఉద్యోగం చేస్తూ నలభై దాటాను. ఎత్తులంటే భయం ఎరగను. జ్వరం వచ్చినా సెలవు పెట్టని మనిషినని ఆఫీసులో పేరుండేది.

ఆ పొద్దున చిల్కూరు వైపు పోయే రోడ్డులో ఒక గులాబీ తోట రైతు ఫోను చేశాడు. గాలికి జంపర్ తెగిందన్నాడు. స్తంభం మీద ఒక తీగను ఇంకో తీగతో కలిపే ముక్కను జంపర్ అంటాం. చిన్న పని. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించి, నాతోపాటే ఉద్యోగంలో చేరిన తోటి లైన్‌మన్‌ను కింద నిలబెట్టి నేను ఎక్కాను.

సగం ఎక్కేసరికే తొడలు వణకడం మొదలైంది. ఎలాగో పైకి చేరి, బెల్టు బిగించుకుని, తీగను మెలిపెట్టడానికి చేతులెత్తాను. అవి భుజాల ఎత్తు దాటి నిలవలేదు. ఎత్తిన చేయి ఎత్తినట్టే జారిపోతోంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎక్కడో బెణికిందని అనుకునేవాణ్ణి. కళ్లు తిరగలేదు, ఆయాసం లేదు. మనసు చేయమంటోంది, చేయి చేయనంటోంది. ఆ మధ్యలో నేను స్తంభాన్ని కావలించుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

కింది నుంచి వాడు పిలిచాడు. నేను నెమ్మదిగా దిగి వచ్చి గట్టు మీద కూర్చున్నాను. వాడే ఎక్కి పని ముగించాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి నడుపుతూ, తల వెనక్కి తిప్పకుండా అడిగాడు.

"రాత్రి గిట్ల జర ఎక్కువైందా అన్నా?"

నేను తాగనని వాడికి తెలుసు. తెలిసీ అడిగాడంటే ఇంకో కారణం వాడికి తోచలేదన్న మాట. నాకూ తోచలేదు.

ఇంట్లో చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. చాలా రోజులుగా తను చూస్తూనే ఉందట. చెప్పులు వేసుకునేటప్పుడు గోడ పట్టుకుంటున్నానట. కింద కూర్చుని తిన్నాక మోకాళ్ల మీద రెండు చేతులూ ఊనితే తప్ప లేవడం లేదట. మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు తీస్తున్నానట. ఇవన్నీ నేనే చేశానా అని నాకు అనుమానం వచ్చింది. మా అవ్వ మాత్రం తేల్చేసింది. అన్నం తిని తిని ఇట్లయ్యానని, జొన్న రొట్టె తింటే కాళ్లు వాటంతటవే గట్టిపడతాయని చెప్పి, ఆ రోజు నుంచి మూడు పూటలా రొట్టెలు చేసింది. తిన్నాను. పొట్ట నిండింది గానీ కాళ్లు అలాగే ఉన్నాయి.

చేవెళ్లలో మాకు తెలిసిన డాక్టరు బలానికి సూదులు రాశాడు. మొదటి వారం బాగానే ఉన్నట్టు అనిపించింది. ఒకరోజు గబగబా రెండు స్తంభాలు ఎక్కి దిగాను కూడా. మర్నాడు మంచం మీద నుంచి లేవడానికి నా భార్య చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఇదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. అసలే చేతకాకపోతే రోగమని ఒప్పుకునేవాణ్ణి. ఒకరోజు చేతనవుతుంది, ఇంకోరోజు కాదు. అలాంటప్పుడు తోటివాడు నన్ను పని తప్పించుకునేవాడని అనుకుంటే తప్పేముంది? ఒక్కోసారి నేనే అలా అనుకున్నాను. నిజంగా చేతకావడం లేదా, లేక లోపలెక్కడో నాకే ఇష్టం పోయిందా అని.

ఎముకల డాక్టరు వెన్ను ఫోటో తీయించి నరం నొక్కుకుందేమో అన్నాడు. ఇంకొకాయన ఫోటో చూసి నరానికి ఏమీ కాలేదన్నాడు, ఫికర్ ఎక్కువ పెట్టుకుంటున్నానన్నాడు. ఏ ఫికరో చెప్పమంటే నవ్వాడు. ప్రతి గదిలోనూ ఒప్పుకుని బయటికి వచ్చేవాణ్ణి. బయటికి వచ్చాక ఏం ఒప్పుకున్నానో అర్థమయ్యేది కాదు.

ఇంతలో సంస్కారపు ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఆ రోజు వరుసలు వరుసలుగా ముందుకు పోయి, బల్ల ఎదుట మోకాళ్లూని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. నా వరుసతో నేనూ మోకరించాను. తీసుకోవడం అయింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు లేచి వెళ్లారు. నేను లేవబోయాను. తొడల్లో ఏమీ లేదు. పట్టుకుందామంటే ముందర తెల్లగుడ్డ పరిచిన బల్ల. దాని మీద చేయి వేయడానికి మనసొప్పలేదు. తల వంచుకుని ఉండిపోయాను. వెనక వరుస వాళ్లు వచ్చి నిలబడ్డారు. నేను ఏడుస్తున్నానని అనుకున్నాడేమో, పాస్టరు అయ్యగారు దగ్గరికి వచ్చి నా తల మీద చేయి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. ఎవరో మెల్లగా పాట ఎత్తుకున్నారు. వెనక ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చడం నాకు వినిపిస్తోంది.

అయ్యగారి ప్రార్థన ముగిసే దాకా ఆగి, ఆయనకే వినపడేటట్టు అన్నాను.

"అయ్యగారూ, ప్రార్థన కాదు. లేవనీకి వస్తలేదు. జర లేపుండ్రి."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత ఇద్దరు పెద్దమనుషులు చంకల కింద చేతులు వేసి నన్ను లేపారు. నడిచి వెళ్లి బెంచీ మీద కూర్చుంటే సిగ్గు వేసింది. అదే సమయంలో గుండె తేలికైంది కూడా. పని తప్పించుకునేవాడు ఇంతమంది ముందు బల్ల ఎదుట ఇరుక్కుపోడు కదా. నా మాట నిజమని ఆ రోజు మొదట నమ్మింది నేనే.

ఆ వారమే నా భార్య నన్ను సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది. ఫోటోలేవీ చూడకుండా ముందు నన్ను గొంతుక్కూర్చోమంది. కూర్చున్నాను, లేవలేకపోయాను. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. గొంతు తడిమింది. చలి ఎక్కువగా ఉంటోందా, గొంతు బొంగురు పోయిందా, ఒళ్లు వచ్చిందా అని అడిగింది. అన్నిటికీ నా కంటే ముందు నా భార్యే అవునంది. రక్త పరీక్షలు వచ్చాక ఆమె చెప్పింది థైరాయిడ్ అని.

నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. థైరాయిడ్ మాత్ర మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఉంది. అది తను వేసుకునేది. ఆ మాత్ర వేసుకుంటూనే తను పొలంలో కలుపు తీస్తుంది, నీళ్ల బిందెలు మోస్తుంది.

"నాకుంటే నీకెట్లొచ్చె? అది ఆడోళ్ల బీమారి కాదా?" అంది.

మగవాళ్లకూ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. నేనే తవ్వి అడిగాను, సత్తువ పోయింది దానివల్లేనా అని.

"కావచ్చు. థైరాయిడ్ బాగా తగ్గితే కండరాలు ఇలా బలహీనపడతాయి. కానీ దానొక్కదాని వల్లేనా అంటే ఇప్పుడే చెప్పలేను. మాత్రలు వాడి చూద్దాం."

మాత్రలు మొదలయ్యాయి. పొద్దున్నే ఏమీ తినక ముందు ఒకే చెంబు నీళ్లతో ఇద్దరం వేసుకునేవాళ్లం. మా అవ్వ మమ్మల్ని చూసి బుగ్గలు నొక్కుకునేది. వారాలు గడిచినా నాలో మార్పు లేదు. ఆపేస్తానన్నాను. ఆ విషయం మీద నాకూ నా భార్యకూ మాటా మాటా పెరిగి రెండు రోజులు మాట్లాడుకోలేదు. మాత్ర మాత్రం చెంబు పక్కన పెట్టి ఉండేది.

మా ఆఫీసు పెద్దసారు నన్ను స్తంభాల పని నుంచి తప్పించి సబ్‌స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. మంచి మనసుతోనే చేశాడు. కానీ ఫోను మోగినప్పుడల్లా తోటివాడు తాడు భుజాన వేసుకుని బయలుదేరుతుంటే నేను కుర్చీలో ఉండేవాణ్ణి. నేను లైన్‌మన్‌నో కాదో నాకే అయోమయంగా ఉండేది.

మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఒకరోజు అన్నం తిన్నాక కంచం చేత్తో పట్టుకునే లేచి వెళ్లి కడిగి వచ్చాను. వచ్చాక చూస్తే నా భార్య నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని నన్ను చూస్తోంది. మళ్లీ కూర్చుని లేవమంది. లేచాను. ఇదంతా తన రొట్టెల మహిమేనని మా అవ్వ పక్కింటికి వెళ్లి చెప్పి వచ్చింది. ప్రార్థన వల్లనని అయ్యగారు అన్నాడు. ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి నా దగ్గరా ఏమీ లేదు.

మొన్న మళ్లీ దవాఖానకు పోయాం. థైరాయిడ్ సర్దుకుందట. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే లెక్క మాత్రం తగ్గింది గానీ ఇంకా మామూలుకు రాలేదట. ఇంకొంత కాలం చూసి, అప్పటికీ మిగిలితే తొడలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాల్సి రావచ్చంది డాక్టరమ్మ. మళ్లీ ఎక్కవచ్చా అని అడిగితే తొందర పడొద్దంది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు నా భార్య అడిగింది, తగ్గినట్టేనా అని.

"తగ్గినట్టే ఉన్నది. ఎందుకొచ్చిందో, ఎందుకు పోతున్నదో మాత్రం నాకింకా సమజ్ కాలే," అన్నాను.

"నాకు మాత్రం అయిందా?" అంది తను. చేవెళ్ల బస్సు వచ్చింది. తను ముందు ఎక్కి సీటు ఆపింది. నేను కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కి పక్కన కూర్చున్నాను.