నల్ల చొక్కాల మండలం

ఆ రోజుల్లో నాకు రంగుల బట్టలంటే పిచ్చి, పుస్తకాలంటే భక్తి. ఈ రెండూ ఒకే గదిలో ఇమడవని అప్పటికి తెలియదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, ఊరు వదిలి వచ్చి, ఆబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరాను. ఖాళీ దొరికితే లైబ్రరీకి పరుగు. చెప్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి బీరువా వరుసలో చదువుకుంటూ పోయేవాణ్ని. (జ్యోతిషం తర్వాత తేనెటీగల పెంపకం, దాని తర్వాత మూత్రపిండాల వ్యాధులు. బీరువాలో వరుస అలా ఉంది, నేనేం చేయను?) అచ్చులో ఉన్నదంతా నిజమే అని నా నమ్మకం. ఇక జీతం అందిన సాయంత్రం సుల్తాన్ బజార్. గళ్లవి, చారలవి, కొబ్బరి చెట్లవి, ఒకదాని మీద పులి కూడా ఉండేది. నిన్న వేసినట్టుండేది ఈ రోజు వేస్తే నాకు అన్నం సహించదు. పొద్దున్నే ఏది వేసుకోవాలో తేలక రోజూ ఆలస్యం. "హీరో వచ్చిండా? షట్టర్ ఎవడు లేపాలె, నీ డూపా?" అని మా సేఠ్ అరిచేవాడు. ఇంకోసారి ఆలస్యమైతే అటు నుంచి అటే పొమ్మన్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే ఒక అనువాద పుస్తకం చేతికి దొరికింది. బట్టలు తగ్గించు, ఒక్క రంగు ఎంచుకో, పొద్దున్నే మిగిలే ఆలోచనతో గొప్ప పనులు చెయ్యి, అప్పుడు మనసుకు శాంతి అన్నది దాని సారం. వైవిధ్యం ఇష్టపడేవాళ్లు ఏం చేయాలో చివరి అధ్యాయంలో చెప్పాడేమో తెలియదు, ఆ పేజీలు ఎవరో చింపుకుపోయారు. నేను ఆగలేదు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమెను పిలిచి చొక్కాలన్నీ ముందు పోశాను. ఆమె అనుమానంగా చూసి, "గిన్ని మంచి అంగీలు ఇస్తున్నవ్. ఇంట్ల ఎవరన్న పోయిన్రా తమ్మీ?" అంది. పోయింది నా అజ్ఞానమని జవాబిచ్చి, ఒక టిఫిన్ డబ్బా పుచ్చుకున్నాను. మురికి కనపడదు కదా అని అన్నీ నల్ల చొక్కాలే కొన్నాను. పనిలో పనిగా గడ్డం గీసుకోవడం కూడా మానేశాను. అది కార్తీక మాసం. ఆ పుస్తకం రాసిన దొరగారికి కార్తీక మాసం గురించి తెలిసే అవకాశం లేదు.

నాంపల్లి గల్లీలో నా గది మేడ మీద. పొద్దున పోయి రాత్రికే వచ్చేవాణ్ని, గల్లీలో నా మొహం ఎవరికీ సరిగ్గా తెలియదు. కింద ఇంటి యజమానురాలు. అందరికీ ఆమె పెద్దమ్మే. పాత హైదరాబాదీ వ్యాపార కుటుంబం, కంటిలో శుక్లాలు, గొంతులో మాత్రం ఏ లోపమూ లేదు. బ్రహ్మచారికి గది ఇచ్చేదే ఆ గల్లీలో ఆమె ఒక్కతె. నా ముందున్నవాడు దొంగచాటుగా ఆమ్లెట్ వేసుకున్నాడని వాడి పరుపు, బకెట్టు గల్లీలో పెట్టించిందట. ఆ గది పోతే నాకు ఊరి బస్సెక్కడం తప్ప దారి లేదు.

మొదటిరోజు నల్ల చొక్కా, మెడకు మఫ్లరు, మొహాన గడ్డంతో మెట్లు దిగుతున్నాను. పెద్దమ్మ కళ్లు చికిలించి చూసింది. "స్వామీ! అయ్యప్ప మాల ఏసుకున్నరా? ఒక్క మాటన్న చెప్పకపోతిరి!" అంటూ నేను నోరు తెరిచేలోపు నా కాళ్లకు మొక్కేసింది. మా నాయనమ్మ వయసు మనిషి. నిన్నటిదాకా "ఏందిరా" అన్న మనిషి "మీరు" అంటోంది. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి అది అబద్ధంగా ముదిరిపోయింది.

ఆ తర్వాత నా సామాను పుస్తకం చెప్పినదానికంటే వేగంగా తగ్గసాగింది. తెల్లవారుజామునే తలుపు మీద దబదబా చప్పుడు: "లేవుండ్రి స్వామీ, తానం చెయ్యాలె!" గీజర్ వైరు పీకేయించింది, స్వాములకు చన్నీళ్లే కదా అని. చెప్పులు కనపడలేదు, బీరువాలో దాచిందట. మూడోనాటికి పరుపు పోయింది, ఆ వెనకే దిండు. నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు ఉత్త కాళ్లతో నడుస్తుంటే దారిలో నిజమైన స్వాములు చేతులు జోడించి "స్వామి శరణం" అనేవారు. నేనూ అనేసి, అడుగు వేగం పెంచేవాణ్ని. మెడలో మాల కోసం ఎవరైనా చూస్తారేమోనని దుకాణంలో కూడా మఫ్లరు తీసేవాణ్ని కాదు. దేవుడు చూస్తున్నాడన్న భయం ఒకటి, పెద్దమ్మ చూస్తుందన్న భయం ఇంకొకటి. వీటిలో ఏది పెద్దదో తేల్చుకోలేక నిద్ర పట్టేది కాదు.

దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషిని అందరం చష్మా అన్న అనేవాళ్లం. అసలు సంగతి తెలిసింది ఆయన ఒక్కడికే. మధ్యాహ్నం గోడవైపు తిరిగి ఎగ్ పఫ్ తింటుంటే, "స్వామీ, జర కడుపు నింపుకోండ్రి. పాపం చేస్తే నిండుగనే చెయ్యాలె," అని వెక్కిరించేవాడు. నాకు పొలమారేది.

ఒక శనివారం పెద్దమ్మ మెరిసే మొహంతో పైకి వచ్చింది. "రేపు మన ఇంట్ల పడిపూజ. గురుస్వామి వస్తున్నడు. గల్లీ అంతటికీ చెప్పిన. మా ఇంట్ల స్వామి ఉన్నడంటే ఎవరూ నమ్ముతలేరు. మిమ్మల్ని ముందు కూసుండబెడ్త." గురుస్వామి నా మెడ చూస్తాడు. గల్లీ అంతా నా మెడ చూస్తుంది. ఇంత చేసి పెట్టిన మనిషి పరువు అందరి ముందు నా వల్లనే పోతుంది. తర్వాత పరుపు, బకెట్టు... పరుపు ఎలాగూ పోయింది, బకెట్టు ఒక్కటే మిగిలింది.

చష్మా అన్నకు ఫోన్ చేశాను. "నల్లంగితోని వచ్చిన బలా ఇది. రంగుది ఎయ్, పోతది," అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి పరుగెత్తి, దొరికిన వాటిలోకెల్లా గట్టిగా అరిచేది కొన్నాను. చిలకపచ్చ మీద నారింజ పూలు. అక్కడే వేసుకున్నాను. ఇంటికి వస్తుంటే భయమే గానీ, నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో చిన్న ఈల కూడా వినపడింది.

పెద్దమ్మ వాకిట్లో బియ్యం కడుగుతోంది. శుక్లాల కళ్లకు కూడా ఆ చొక్కా ఆనింది. గిన్నె వదిలేసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అయ్యో స్వామీ! మండలం నిండకముందే మాల తీసిన్రా? మీకేమైతదో, నా ఇంటికేమైతదో!" అని ఆకాశం వైపు తిరిగి దండాలు పెట్టసాగింది. ఇది నేను ఊహించనేలేదు. నాకంటే ఎక్కువ భయపడుతున్న మనిషిని మొదటిసారి చూశాను. ఆమె ముందు కూలబడి, "తియ్యలే పెద్దమ్మా. అసలు ఎయ్యనే లేదు," అన్నాను.

"ఎయ్యలేదా? మరి నల్లంగి ఎందుకేసినవ్‌రా?"

"పుస్తకంల చదివిన. ఒక్క రంగు బట్టలే ఉంటే మనసు నిమ్మళంగ ఉంటదని."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఉన్నదా మరి?"

"లేదు పెద్దమ్మా. మస్తు భయంగున్నది."

ఇప్పుడు వీధిలో పడేస్తుందని కళ్లు మూసుకున్నాను. "గది సంగతి తర్వాత చూస్త. యాభై మందికి వంట అయితున్నది. లేచి చేతులు కడుక్కో," అన్న మాట వినపడింది.

వాకిలి నిండా నల్లబట్టల స్వాములు కూర్చున్నారు. మధ్యలో సాంబారు బకెట్టుతో చిలకపచ్చ చొక్కా. "ఓ పూలంగి తమ్మీ, ఇటు!" అని పిలుస్తుంటే, ఆ పిలుపు చెవులకు ఎంత తియ్యగా ఉందో! ఇంతలో గురుస్వామి చుట్టూ చూసి, "అమ్మా, మీ ఇంట్లో ఉండే స్వామి ఏడీ?" అన్నాడు. గల్లీ అంతా తల ఎత్తింది.

పెద్దమ్మ అప్పడాలు వేస్తూ తల తిప్పకుండా, "ఆయన పొద్దుగాలనే ఖాళీ చేసిపోయిండు స్వామీ. మస్తు నిష్ఠ. పరుపు కూడా అడగలే," అంది. తర్వాత నన్ను చూపిస్తూ, "గదిల కొత్త పిలగాడు దిగిండు. పుస్తకాలు మస్తు చదువుతడట. జర కనిపెట్టుకుని ఉండాలె వీణ్ని."

ఆ రాత్రి నా పరుపు నా గదిలోనే ఉంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. వైవిధ్యం ఇష్టపడేవాళ్లకు ఈ కొద్దిపాటి బట్టల పద్ధతి నప్పుతుందా అని దుకాణంలో కుర్రాళ్లు ఇప్పుడు ఫోన్లో ఏవో చూపించి నన్ను అడుగుతుంటారు. ఆశ తీరినవాళ్లకు నప్పుతుంది, తీరనివాళ్లు వేసుకుంటే మెడకు మఫ్లరు కూడా కావాల్సి వస్తుంది అంటాను. వాళ్లకు అర్థం కాదు. నా మటుకు నాకు ఇప్పుడు అన్నీ లేత రంగు చొక్కాలే. ఏ పుస్తకమూ చెప్పలేదు. వయసూ, మా ఆవిడా కలిసి ఎప్పుడు తగ్గించేశారో నేను చూడనేలేదు. మొన్న బట్టల కొట్లో నెమలికంఠం రంగుది ఒకటి భుజాలకు ఆనించుకుంటే, "ఈ వయసులనా?" అని నవ్వింది. నేనూ నవ్వి, మడతపెట్టి ఇచ్చేశాను. కాకపోతే ఆ మడత పెట్టడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.