సరోజన అన్న ఆఁ

సరోజన ఎవరేం చెప్పినా "ఆఁ" అంటుంది. విన్నా ఆఁ, వినకపోయినా ఆఁ. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు ఆ ఒక్క ఆఁతోనే సంసారం నెట్టుకొచ్చింది. మనవడు పుట్టాక కెనడాలోని ఎడ్మంటన్‌కు, కొడుకు దగ్గరికి వచ్చింది. ఏ బేస్‌మెంట్ చూసినా మన స్టూడెంట్లే ఉన్న ఆ రెండువేల ఇరవైమూడులో, కొడుకింటి కింద అద్దెకున్న పిల్లలకు పప్పు వండిపెడుతూ అందరికీ ఆంటీ అయింది.

ఇప్పుడు ఆ ఆఁ ఆమె గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆ మనవడు, మూడేళ్ల తనీష్, ఆసుపత్రిలో గాజు తలుపు వెనక ఉన్నాడు. మధ్యాహ్నం మైనస్ ముప్పై చలిలో, కాళ్లకు సాక్సులైనా లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. పక్కింటావిడ చూసి ఎత్తుకొచ్చేసరికి ఒళ్లు కొయ్యబారింది. ప్రాణానికి భయం లేదట. కుడికాలి వేళ్లు నిలుస్తాయో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

తప్పెవరిదో కోడలు రిషిత అప్పుడే తేల్చేసింది. ఇంట్లోంచి ఆఖరున వెళ్లింది సాత్విక. కింద అద్దెకున్న గుంటూరు పిల్ల, కాలేజీలో చదువుతూ కాఫీషాపులో పని చేసుకుంటోంది. పప్పుడబ్బా తిరిగిచ్చి బస్సుకు పరిగెత్తింది. తలుపు తెరిచిపెట్టి పోయిందని పోలీసులకు చెబుతానంది రిషిత. కొడుకు దీక్షిత్ తలూపాడు. సంగతి తెలిసి పని మధ్యలో వచ్చేసిన సాత్విక, జాకెట్ కూడా విప్పకుండా కారిడార్ చివర కూర్చుంది. కేసైతే స్టడీ పర్మిట్ పోయి, చదువు వదిలేసి తిరిగెళ్లాల్సొస్తుందని ఆ పిల్ల భయం.

మర్యాదలు కూడా ఒక్కోసారి కొంప ముంచుతాయి. మన ఇళ్లలో వెళ్లేవాళ్లు తలుపు పూర్తిగా మూయరు. మొహాన వేసినట్టుంటుందని, దగ్గరగా లాగి, "తలుపేసుకోండి" అని చెప్పి కదులుతారు. లేచి గడియ పెట్టుకోవడం లోపలివాళ్ల పని. సాత్విక కూడా అలాగే చెప్పింది. వంటింట్లో చపాతీలు ఒత్తుతున్న సరోజన ఆఁ అంది. ఈ రెండూ ఒత్తేసి లేద్దామనుకుని మరిచిపోయింది.

నోరు విప్పితే కోడలు మళ్లీ పిల్లాణ్ణి చేతికివ్వదు. ఈ దేశంలో ఆమెకున్నదల్లా వాడే. విప్పకపోతే ఆ గుంటూరు పిల్ల బతుకు బుగ్గి. సరోజన ఒళ్లో పెట్టుకున్న మనవడి సాక్సులను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

పోలీసావిడ వచ్చింది. రిషిత ఇంగ్లీషులో గడగడా చెప్పింది. సరోజనకు అందులో సాత్విక పేరొక్కటే అర్థమైంది. పోలీసావిడ తనవైపు తిరగగానే సాత్విక లేచి నిలబడి, సరోజన మొహంలోకి చూసింది.

"మీకు వినపడలేదేమో ఆంటీ. నేనే గట్టిగా చెప్పాల్సింది."

దారి దొరికింది. తప్పుకోవచ్చు. సరోజనకు సిగ్గు ముంచుకొచ్చింది.

"విన్న బిడ్డా. నేనే లేవలే," అని, కొడుకువైపు తిరిగింది. "ఆమెకు చెప్పురా. తలుపు నేనే ఏసుకోలే."

దీక్షిత్ అదే ఇంగ్లీషులో చెప్పాడు. పోలీసావిడ ఏదో అడిగింది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజంగా విన్నావా అని అడుగుతున్నరమ్మా."

"ఆఁ," అంది సరోజన.

రిషిత లేచింది. వచ్చి, అత్త ఒళ్లోంచి పిల్లాడి సాక్సులు తీసుకుని, అవతలి కుర్చీలో కూర్చుంది.