టీవీలో తగ్గిన కోడలు

ఆ స్కూలు బస్సు డ్రైవరమ్మని టీవీ పోటీకి పంపించింది స్వయానా వాళ్ల అత్తగారే. ఈ మాట వినగానే ఎవరైనా కళ్లెగరేసి, "ఏ కక్ష తీర్చుకుందో పాపం!" అనేవాళ్లు. కక్షా లేదు, పాడూ లేదు. అత్తగారికి కోడలంటే ప్రాణం. అంతకంటే కాస్త ఎక్కువ ప్రాణం టీవీ అంటే. గొడవంతా అక్కడొచ్చింది.

డ్రైవరమ్మ ఒక లారీ డ్రైవరు కూతురు. నడక వచ్చిన నాటి నుంచీ ఇంజను పక్క సీట్లో కూర్చుని పెరిగింది. స్టీరింగు పట్టుకుంటే ఆవిడకి ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. బస్సులో పిల్లలు గోల చేస్తుంటే అద్దంలోకి చూసి "వెనక సీటూ!" అని ఒక్క కేక వేసేది. వెనక సీటే కాదు, పక్కన ఆగిన కార్లలో వాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు.

మొగుడు లిఫ్టు మెకానిక్. సన్నగా, నిటారుగా, గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంటాడు. ఇద్దరూ కలిసి వీధిలో నడిచొస్తుంటే మలుపు దగ్గర టీ కొట్టాయన "ఒకటీ సున్నా కలిసి పది వస్తోంది" అనేవాడు. డ్రైవరమ్మ నొచ్చుకునేది కాదు. "సున్నా పక్కన లేకపోతే ఆ ఒకటి మొహం ఎవరు చూస్తారు?" అనేది. ఆ మొగుడు కూడా నిజమే అన్నట్టు తలూపేవాడు.

ఏటా డ్రైవర్లకి జరిగే వైద్య పరీక్షలో ఆ యేడు బీపీ ఎక్కువుందని తేలింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "కంగారేం లేదు. రోజూ కాసేపు నడవండి, బస్సులో కూర్చుని తినే బిస్కెట్లు తగ్గించండి. నెమ్మదిగా దిగుతుంది" అంది. డ్రైవరమ్మ ఆ మాటని బుద్ధిగా పాటించింది. నెల తిరిగేసరికి కొంచెం తగ్గింది కూడా.

ఆ కొంచెం అత్తగారికి ఆనలేదు.

ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి, మోకాళ్లు మొరాయించాక సోఫాకి అంకితమైపోయిన మనిషి. శుక్రవారం సాయంత్రం 'తగ్గితే గెలుపు' అని ఒక పోటీ వచ్చేది. లావుగా ఉన్నవాళ్లని ఒక ఇంట్లో పెట్టి, పరుగులు పెట్టించి, వారం వారం తూకం వేసేవాళ్లు. అత్తగారు ఒళ్లో బిస్కెట్ల పొట్లం పెట్టుకుని, "ఒళ్లు వంచవయ్యా బాబూ! ఏం నడక అది?" అని తెరలోని వాళ్లని కేకలేస్తూ చూసేది.

"చూడవే, వాడు వారంలో ఆరు కిలోలు తగ్గాడు. నువ్వు నెలంతా కాళ్లరిగేలా తిరిగి తగ్గింది ఆ కూరగాయల సంచీ అంత లేదు."

"డాక్టరమ్మ ఇలాగే తగ్గాలంది కదా అత్తయ్యా."

"ఆవిడ టీవీ చూడదేమో" అంది అత్తగారు, ఎంతో జాలిగా.

చెప్పా పెట్టకుండా కోడలి ఫొటో ఒకటి పోటీ వాళ్లకి పంపేసింది. ఎవరిదో పెళ్లిలో కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ, రెండో ముక్క మీద కన్నేసి ఉన్న ఫొటో అది. ఆ ఫొటో చూసే ఎంపిక చేశామని తర్వాత వాళ్లే చెప్పారు. డ్రైవరమ్మకి మొదట ఒళ్లు మండింది. కానీ వీధంతా వచ్చి అభినందిస్తుంటే మెత్తబడింది. వేసవి సెలవులకి ఇంకొన్ని సెలవులు కలుపుకుని పెట్టె సర్దుకుంది.

పోటీ ఇల్లు ఊరి చివర ఒక పాత విడిది. ముందు గదుల్లో పూల కుండీలు, రంగు గోడలు, కళ్లు జిగేల్మనే దీపాలు. కెమెరా చూడని వెనక గదుల్లో పెచ్చులూడిన గోడలు, కిర్రుమనే మంచాలు. ఆవిడ గదిలో ఇంకో మంచం డ్రాయింగు టీచరుది. మాట పైకి రాని మనిషి. నవ్వడం అయితే అసలే లేదు. కానీ పట్టుదలలో మాత్రం రాక్షసి. కాళ్లు బొబ్బలెక్కినా పరిగెత్తే యంత్రం దిగేది కాదు.

"ఏమ్మా, ఎవరైనా తరుముతున్నారా?" అనేది డ్రైవరమ్మ పక్క యంత్రం మీద రొప్పుతూ.

"గెలవాలండీ" అనేది టీచరు. అంతే.

తెల్లవారకముందే లేపేవాళ్లు. మధ్యాహ్నం దాకా పరుగులు, బరువులు. ఆ తర్వాత ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరముక్కలు. మళ్లీ పరుగులు. తూకానికి ముందు రోజు నుంచీ మంచినీళ్లు ముట్టుకునేవాళ్లు కాదు. తాగొద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు, తాగమనీ చెప్పలేదు. ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని, వేడి గదిలో కూర్చుని, ఉన్న చెమటంతా పిండుకునేవాళ్లు. కాంతులు చిమ్మే పెద్ద కాటా మీద నిలబడి ఆనందబాష్పాలు రాల్చేవాళ్లని ఇళ్లల్లో జనం చూసేవాళ్లు. నిజానికి ఒంట్లో నీళ్లే లేవు, బాష్పాలు ఎక్కడినుంచి వస్తాయి? కంట్లో చుక్కల మందు వేసేవాళ్లు.

ఇంకో సంగతి కూడా డ్రైవరమ్మ కనిపెట్టింది. తూకం వారానికోసారి కాదు. డైరెక్టరుకి తీరిక దొరికినప్పుడు. ఒక్కోసారి ఒక 'వారం' అవడానికి అర్ధమాసం పట్టేది. కెమెరా పట్టుకునే కుర్రాడిని పిలిచి అడిగింది.

"ఇవాళ మంగళవారం కదయ్యా? శుక్రవారం అని చెప్పమంటారేంటి?"

"ఇక్కడ రోజూ శుక్రవారమే అక్కా" అన్నాడతను.

మొత్తానికి టీచరు గెలిచింది. డ్రైవరమ్మ రెండో స్థానంలో నిలిచింది. ఆఖరి రోజున పాత ప్యాంటులో ఒక కాలు పట్టే చోట మనిషంతా దూరి నిలబడితే జనం చప్పట్లతో పైకప్పు ఎగరగొట్టారు. పైనుంచి రంగు కాగితాలు రాలుతుంటే, ఆవిడకి మాత్రం ఒక చెంబుడు నీళ్లు తప్ప ఏమీ తోచలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు గుమ్మంలోనే కావలించుకుని, గబుక్కున వదిలేసింది. "ఇదేంటే, ఎముకలు గుచ్చుకుంటున్నాయి!" అంది. మొగుడు ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, రాత్రి దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పాడు. ఎంత కప్పినా ఆవిడకి చలే. దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కితే కళ్ల ముందు చుక్కలు. అన్నిటికంటే ఆశ్చర్యం ఏంటంటే, "వెనక సీటూ!" అంటే వెనక సీటుకి వినపడలేదు. బస్సు బడి చేరేసరికి పిల్లలు కప్పెక్కి కూర్చోవడం ఒక్కటే తక్కువ. మలుపు దగ్గర టీ కొట్టాయన ముచ్చటపడి "ఇవాళ పదకొండు వస్తోంది!" అంటే, ఎన్నడూ లేనిది, "నోరు మూసుకుని టీ పోసుకో!" అని కసిరి ఇంటికొచ్చి ఏడ్చింది.

ఆపైన ఆకలి. అది మామూలు ఆకలి కాదు. తిన్న తర్వాత కూడా తగ్గని ఆకలి. స్టీరింగు తిప్పుతున్నా, నిద్రపోతున్నా చెవిలో జోరీగలా వదలని ఆకలి. ముందు తిన్నదాంట్లో సగమే తింటున్నా కాటా మీద ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. రవికలు బిగిశాయి. దాచిన పాత బట్టలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. యేడాది తిరక్కముందే పోయిన బరువంతా, ఎక్కడికో చుట్టపుచూపుగా వెళ్లొచ్చినట్టు, తిరిగొచ్చేసింది.

"ఎక్కడ తప్పు చేశావే?" అంది అత్తగారు ఒకరోజు. బాధతోనే అంది. ఆ మాట డ్రైవరమ్మకి ముల్లులా దిగింది. ఎందుకంటే తనూ రోజూ తనని అదే అడుక్కుంటోంది. మిగతావాళ్లంతా చక్కగా మెరుపుతీగల్లా ఉండుంటారు, తనొక్కతే చేతకానిది అనుకుంది. వీధిలో తలొంచుకుని నడవడం నేర్చుకుంది.

సరిగ్గా అప్పుడే టీవీ వాళ్ల దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పోటీ అయి యేడాదైందని ఒక ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నారట. అందరూ రావాలట.

"మీరు అలాగే ఉన్నారు కదండీ?" అని అడిగింది అవతలి గొంతు.

డ్రైవరమ్మ అద్దంలో చూసుకుంది. మొట్టమొదట పోటీకి ఎలా వెళ్లిందో అచ్చం అలాగే ఉంది. "ఆఁ, అలాగే ఉన్నానండీ" అంది. అబద్ధం ఏమీ లేదు కదా!

ఆ కార్యక్రమానికి ఒళ్లు కనపడకుండా దాచే బట్టలు కావాలి. తెలిసినవాళ్లు ఎదురుపడని కొట్టు కావాలి. అందుకని రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివరున్న పెద్ద బట్టల దుకాణానికి వెళ్లింది. పెద్ద సైజుల విభాగం మూలన ఉంది. అక్కడ కోట్ల వరస మధ్య తలదూర్చి వెతుకుతుంటే వరస అవతల ఎవరో గబుక్కున కోట్ల వెనక్కి నక్కారు. డ్రైవరమ్మ కూడా గతుక్కుమని ఇవతల నక్కింది. ఇక ఉండబట్టలేక హ్యాంగర్లు పక్కకి జరిపింది.

ఎదురుగా డ్రాయింగు టీచరు. గుండ్రటి మొహం, గుండ్రటి భుజాలు, చేతిలో గుడారమంత నల్ల కోటు.

ఇద్దరూ ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకున్నారు. ముందుగా టీచరు పెదవులు వణికాయి. ఏడుస్తుందేమో అనుకుంది డ్రైవరమ్మ. కానీ ఆ వచ్చింది నవ్వు. పోటీ ఇంట్లో ఒక్కనాడు కూడా నవ్వని మనిషి, కోట్లు పట్టుకుని, కిందకి జారి కూర్చుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. డ్రైవరమ్మ పక్కన చతికిలబడి అందుకుంది. కొట్లో పనిచేసే పిల్ల పరిగెత్తుకొచ్చి "నీళ్లు కావాలా మేడం?" అంటే, "కావాలి, ఇప్పుడు ఎన్నైనా తాగొచ్చు!" అని మళ్లీ నవ్వారు.

నవ్వు సద్దుమణిగాక టీచరు కళ్లు తుడుచుకుంది. "నేనొక్కదాన్నే పాడుచేసుకున్నానని ఇల్లు కదల్లేదండీ. గెలిచినదాన్ని కదా. బడిలో పిల్లల మొహం చూడలేక దూరపు బడికి మార్పించుకున్నాను."

"అమ్మా నా తల్లీ, నేను నిన్ను తలుచుకునే కదా సిగ్గుపడి చస్తున్నాను!" అంది డ్రైవరమ్మ.

అక్కడ కూర్చునే మిగతావాళ్లకి ఫోన్లు చేశారు. మూడో స్థానం వచ్చిన బేకరీ ఆయన ముందు బుకాయించాడు. తర్వాత "ఎవరికీ చెప్పనంటే చెప్తా" అన్నాడు. నలుగురికి చేస్తే నలుగురిదీ అదే కథ. ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని, తప్పంతా తనదేనని కుమిలిపోతున్నారు.

ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ అంతా విని, "మీ ఒంటికి టీవీ పోటీ అని తెలియదమ్మా. కరువొచ్చిందనుకుంది" అంది. "అందుకే ఖర్చు తగ్గించుకుంది, ఆకలి పెంచింది. దొరికిన ప్రతి ముద్దా దాచుకుంది. మిమ్మల్ని బతికించడానికే అలా చేసింది. ఇందులో మీ చేతకానితనం ఏముంది? అంత వేగంగా దిగితే చాలామందికి ఇలాగే అవుతుంది. టీవీ వాళ్లకి వారం వారం కథ కావాలి. మీ ఒంటికి అంత తొందర లేదు."

ఆ సాయంత్రం టీచరుని ఇంటికి తీసుకొచ్చింది డ్రైవరమ్మ. అత్తగారు గుర్తుపట్టడానికి కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది. సంగతంతా విన్నాక ఒక్కసారిగా టీవీ వైపు తిరిగింది.

"ముదనష్టపుదానా! నీ మాట నమ్మి బంగారంలాంటి పిల్లని ఎండబెట్టానే!" అంది. తర్వాత కోడలి గిన్నెలో వేడి వేడి సూపు పోసి, అటు చూస్తూ, "తప్పు నువ్వు చెయ్యలేదులే" అని గొణిగింది. ఆవిడ జన్మలో అడిగిన క్షమాపణ అదొక్కటే. డ్రైవరమ్మ అది విననట్టు నటించి, రెండోసారి కూడా చెప్పించుకుంది.

ప్రత్యేక కార్యక్రమానికి అందరూ కూడబలుక్కుని, ఏ కోట్లూ లేకుండా, మామూలు బట్టల్లో వెళ్లారు. స్టూడియో తలుపు తెరుచుకుని వరసగా ఆరుగురు నిండుగా నడిచొస్తుంటే డైరెక్టరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "కెమెరాలు పైకెత్తండి! మొహాలు, మొహాలు మాత్రమే!" అని అరిచాడు. డ్రైవరమ్మ జరిగిందంతా మైకులో పూసగుచ్చినట్టు చెప్పింది. నీళ్లు మానడం, చుక్కల మందు, పక్షం రోజుల వారాలు, ఆకలి, ఊడిన జుట్టు, ఏదీ వదల్లేదు. ప్రసారమైన రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. తెర నిండా మెడ దాకా ఆరు మొహాలు. డ్రైవరమ్మ చెప్పిందాంట్లో మిగిల్చింది "చాలా బాగున్నానండీ" అన్న ఒక్క ముక్క.

"నువ్వింకా ఏదో చెప్పానన్నావుగా?" అన్నాడు మొగుడు.

"కోసేశారు."

"వాళ్లు కోసేస్తే నేను లేనా?" అని అత్తగారు చేతికర్ర అందుకుంది. మోకాళ్లు నొప్పంటూ ఏళ్ల తరబడి సోఫా దిగని మనిషి, మర్నాటి నుంచి ఇంటింటికీ వెళ్లి ఆ కథంతా, టీవీ వాళ్లు చూపించనిదంతా, కొంచెం కలిపి కూడా చెప్పొచ్చింది. వారం తిరక్కుండా ఊరందరికీ తెలిసిపోయింది. అలా తిరగడంతో ఆవిడ మోకాళ్లు కాస్త సుళువు కూడా అయ్యాయి.

డ్రైవరమ్మ ఇప్పుడూ భారీ మనిషే. డాక్టరమ్మ చెప్పినట్టు సాయంత్రాలు నడుస్తుంది, ఆకలేస్తే తింటుంది. బరువు మెల్లగా, ఒక్కోసారి అలిగినట్టు ఆగుతూ, దిగుతోంది. బీపీ చెప్పిన మాట వింటోంది. గొంతు మునుపటిలా మోగుతోంది. సెలవు రోజుల్లో బడి ఖాళీ మైదానంలో టీచరుకి కారు నేర్పిస్తోంది. అది లిఫ్టు మెకానిక్ గారి పాత డొక్కు కారు.

"తొక్కవే తల్లీ, తొక్కు! అయ్యో, అది కాదు, పక్కది!"

కారు రెండు గెంతులు గెంతి, దగ్గి, ఆగిపోయింది. టీచరు స్టీరింగు మీద తల పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. "ఇంకోసారి చేస్తానండీ" అంది ఊపిరి తీసుకుంటూ.

"చెయ్యమ్మా, ఎవరు తరుముతున్నారు?" అంటూ డ్రైవరమ్మ కాళ్లు చాపుకుని సీట్లో వెనక్కి వాలింది.